నోటీసు బోర్డు మీద గ్రహణం

బహ్రెయిన్‌లో నేను చూసిన ఆకాశమంతా ఏ-ఫోర్ సైజులో ఉండేది.

అసలు ఆకాశమే లేదని కాదు. నయీమ్‌లో కంపెనీ మాకిచ్చిన పాత మూడంతస్తుల ఇంటి డాబా ఎక్కితే తలమీద ఒకటి కనిపించేది. దాన్ని ఆకాశం అనడానికి మాత్రం నాకు మనసొప్పేది కాదు. సగం దుమ్ము, సగం వీధి దీపాల పసుపు. మెరిసేవాటిలో కదిలేవి విమానాలు, కదలనివి క్రేన్ల మీది దీపాలు. ఊళ్ళో వాకిట్లో మంచం వేసుకుని పడుకున్న రోజుల్లో పైన లెక్కలేనన్ని చుక్కలుండేవి, ఒక్కదాన్నీ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. దుబాయి వచ్చాక చూద్దామంటే లేవు. మా కరీంనగర్ వైపు గల్ఫ్‌లో ఏ దేశం వెళ్ళినా దుబాయి వెళ్ళినట్టే లెండి.

ఆ ఇంటిని మేం క్యాంపు అనేవాళ్ళం. నలభై మూడు మంది పనివాళ్ళు, ఒక వంటాయన, ఒక టైమ్‌కీపర్. ఆ టైమ్‌కీపర్ని నేను. పొద్దున ఐదింటికి బస్సెక్కేవాళ్ళని లెక్కపెట్టి రాసుకోవాలి. అరాద్‌లో ఎయిర్‌పోర్టు పక్కన లేస్తున్న బిల్డింగు దగ్గర వాళ్ళని దింపి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉన్న ఆఫీసుకి వచ్చి, ఎవరి డ్యూటీ ఎంత, ఎవరి ఓవర్‌టైం ఎంత అని కంప్యూటర్లో కొట్టాలి. సాయంత్రం మళ్ళీ క్యాంపు గేటు దగ్గర నిలబడి దిగేవాళ్ళని లెక్కపెట్టాలి. ఎక్కినవాళ్ళంతా దిగారా లేదా చూడటమే ఉద్యోగం. డిగ్రీ తప్పినవాడికి అంతకన్నా తెలివైన పని ఎవరిస్తారు.

ఆఫీసు కంప్యూటర్లో ఇంటర్నెట్ ఉండేది. రోజుకొక్క ఆకాశం ఫోటో పెట్టే సైటు ఒకటి అందులో నా కంట పడింది. ఏం వెతుకుతూ అక్కడికి చేరానో చెప్పను, అప్పటికి నా వయసు ఇరవై మూడు. ఫోటో తెర మీదకి ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. మొదట వట్టి నలుపు. ఇంకొంచెం నలుపు. తర్వాత ఒక సన్నటి వెలుగు అంచు. టీ తాగి వచ్చేసరికి శని గ్రహం, చుట్టూ ఉంగరాలతో, నన్నే చూస్తూ కూర్చుని ఉండేది. ఊళ్ళో పంతులు మా నాన్నని ఏడున్నరేళ్ళు బెదిరించిన శని ఇంత అందంగా ఉంటాడని నాకెవరూ చెప్పలేదు. ఇంకో రోజు చక్కెర ఒలికినట్టు నక్షత్రాల గుంపు. మరో రోజు ఎర్రటి మబ్బు, అందులోంచి పుడుతున్న నక్షత్రాలు. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి ఉండేవి. సగం అర్థమయ్యేది, ఆ సగానికే ఒళ్ళు జలదరించేది.

ఒక్కడినే చూసి ఏం చేసుకోను. రోజూ సాయంత్రం ఒకటి ప్రింటు తీసి, క్యాంపు భోజనాల గదిలో నోటీసు బోర్డుకి గుచ్చడం మొదలుపెట్టాను. అప్పటిదాకా ఆ బోర్డు మీద ఉన్నది రెండే కాగితాలు: మెట్ల మీద ఉమ్మరాదు, హీటరు మీద బట్టలు ఆరేయరాదు. వాటి మధ్యలో పాలపుంత పెట్టాను.

కేరళ నుంచి వచ్చిన మా ఆఫీసు మేనేజరు మాత్రం నెల తిరక్కుండానే ప్రింటరు మూత తీసి నిలబడ్డాడు. నల్ల రంగు ఎందుకింత త్వరగా అయిపోతోందని అడిగాడు. ఓవర్‌టైం ఎక్కువైంది సార్ అన్నాను. నిజం చెబితే నమ్మేవాడు కాదు. ఆకాశంలో నలుపే ఎక్కువని అంతకుముందు నాకూ తెలియదు.

వట్టి ఫోటో పెడితే మావాళ్ళు చూసి, "మంచిగున్నది" అని పళ్ళేలు పట్టుకుని పోయేవాళ్ళు. నాకది చాలలేదు. ఫోటో కింద స్కెచ్ పెన్నుతో 'రేపటి ఫలం' అని రాయడం మొదలుపెట్టాను. మొదటి ఫలం నాకింకా గుర్తుంది: పప్పులో నీళ్ళు ఎక్కువ. మర్నాడు పప్పులో నీళ్ళు ఎక్కువే. అది ఏ రోజైనా ఎక్కువే.

వంటాయన గోదావరి జిల్లా మనిషి. ప్రతి శుక్రవారం తెల్ల చొక్కా వేసుకుని చర్చిలో తెలుగు ప్రార్థనకి వెళ్ళేవాడు. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. ఆ కాగితం చూసి గరిటెతో బోర్డు మీద కొట్టాడు.

"ఏరా అబ్బాయ్, నా పప్పు గురించి చెప్పటానికి చుక్కలు కావాల్సొచ్చినియ్యా నీకు? జాతకాలూ అయ్యీ మా దాంట్లో కుదరవు. తీసెయ్."

"పప్పు చిక్కగ చెయ్యి బాబాయ్, రేపే తీసేస్త."

చెయ్యలేదు, తీయలేదు.

అక్కడే ఆపేసి ఉంటే బాగుండేది. తోకచుక్క ఫోటో వచ్చిన రోజు, రేపు బస్సుకి గండం అని రాశాను. ఆ బస్సుకి గండం లేని రోజే లేదు. మర్నాడు ముహర్రక్ వంతెన మీద టైరు పేలింది. అంగారకుడి ఫోటో కింద, ఎర్ర దుమ్ము వచ్చును అని రాశాను. అది మోసం, పొద్దున పేపర్లో వాతావరణం చదివే రాశాను. దుమ్ము వచ్చింది. కన్నులాంటి మబ్బు ఒకటి పెట్టి, పెద్ద కళ్ళు మనల్ని చూచును అంటే, మర్నాడే బిల్డింగు మీదకి లేబర్ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. భోజనాల దగ్గర నవ్వులు తగ్గి, చదవడం పెరిగింది. చదువు రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత చదివించుకుని వినేవాళ్ళు. పక్క గదుల వాళ్ళు నాకు మంచినీళ్ళ గ్లాసు అందించడం కూడా మొదలుపెట్టారు. గౌరవం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది, కొంచెం దురదగా ఉంటుంది.

తర్వాత చచ్చిపోతున్న నక్షత్రం ఫోటో వచ్చింది. నీలం పొగ, మధ్యలో ఆరిపోతున్న చుక్క. ఎంతో అందం. కింద ఇలా రాశాను: ఒక చుక్క రాలినది, మనలో ఒకరికి ఇంటికి టికెట్. సెలవు కోసం ఏడుస్తున్నవాళ్ళని ఉడికించడానికి రాసిన మాట అది. మర్నాడు మధ్యాహ్నం పైగదిలో ఉండే ఒక పెయింటరుకి తండ్రి పోయాడని ఫోనొచ్చింది. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర సంతకం చేయించి సాయంత్రం విమానానికి టికెట్ ఇచ్చారు. నా లెక్క నలభై రెండుకి దిగింది. అతను పెట్టె పట్టుకుని మెట్లు దిగుతూ బోర్డు దగ్గర ఆగాడు. నావైపు చూసి, "నీకు ముందే తెల్సా అన్నా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ గొంతులో ఉన్నది భయం.

ఆ రాత్రి భోజనాల గదిలో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేనూ బుద్ధి తెచ్చుకుని పప్పు దగ్గరికి వచ్చేశాను. వారం రోజులు పప్పే. అయినా ఎవరూ నవ్వలేదు. పప్పు వెనకాల ఇంకేదో దాస్తున్నానని వాళ్ళ అనుమానం.

వారం తర్వాత, ఒక సోమవారం, సూర్యగ్రహణం వచ్చింది. ఆకాశంలో కాదు, ఇంటర్నెట్ సైటులో. నల్లటి గుండ్రటి బిళ్ళ, చుట్టూ తెల్లటి వెంట్రుకల్లాంటి వెలుగు. అంతకు ముందెప్పుడో, భూమికి ఆ చివర ఏదో సముద్రం మీద ఓడలోంచి తీశారని కింద రాసి ఉంది. అది చూశాక ఇక నా చెయ్యి ఆగలేదు. మా ఫోర్‌మన్‌కి నిండు నెలల పొట్ట. అందుకని ఇలా రాశాను: రేపు సూర్యగ్రహణం. గర్భిణులు, మన ఫోర్‌మన్ గడప దాటరాదు.

వారం తర్వాత మొదటిసారి గదంతా నవ్వింది. నేను సుఖంగా పడుకున్నాను.

నా పక్క మంచం మీద, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటరు ఒకాయన ఉండేవాడు. మా పక్క ఊరే. నేను బావా అంటే ఆయన బామ్మర్ది అనేవాడు, చుట్టరికం అంతవరకే. పెళ్ళయి ఆరేళ్ళు, అందులో రెండేళ్ళకోసారి వెళ్ళిన రెండు నెలల సెలవులే కాపురం. ఇన్నాళ్ళకి భార్యకి నెలలు నిండాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన మీసం చాలా గుబురుగా ఉండేది. దాని కింద పై పెదవి మీద పాత కుట్టు గీత ఒకటి ఉండేది. మా వైపు పెదవి చీలి పుడితే గ్రహణమొర్రి అంటారు. ఈయన కడుపులో ఉండగా గ్రహణం వేళ సొరకాయ తరిగిందని వాళ్ళమ్మని ఊరంతా బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది. ఈ సంగతి ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, గోడవైపు తిరిగి పడుకుని.

మంగళవారం పొద్దున బస్సు దగ్గర నేను పేర్లు రాసుకుంటుంటే బావ పక్కకి వచ్చాడు.

"రాత్రి ఇంటికి ఫోన్ జేసి చెప్పిన బామ్మర్ది. ఇయ్యాల గడప దాటద్దని. కత్తిపీట ముట్టద్దని. కిటికీలు మూసుకొని ఎల్లకిల పండుకోమన్న."

"ఎందుకు?"

"ఎందుకంటవేంది. నువ్వేగద రాసినవ్."

నవ్వబోయాను. ఆయన ముఖంలో నవ్వేం లేదు. రాత్రి నేను ఫోర్‌మన్ గురించి రాసిన సగానికి నవ్వి, గర్భిణుల గురించి రాసిన సగాన్ని నమ్మాడు.

"అక్క ఇయ్యాల ఎటన్న పోయేదుండెనా?" అని అడిగాను.

"కరీంనగర్ దవాఖానకు. కాళ్ళు వాసినయ్, బీపీ ఉన్నది, మంగళారం పది గంటలకల్ల తీస్కరాండ్రి, ఆపరేషన్ జెయ్యాలె అన్నది డాక్టరమ్మ. రాత్రి కండ్లు మసకలు గూడ వస్తున్నయట. ఏం జేస్తం, గ్రహణం విడిచినంక రేపు పోతరు."

ఐదుంబావు. అక్కడ ఏడూ ముప్పావు. నా చేతిలో కాగితం మీద నలభై ఒక్క పేర్లు రాసి ఉన్నాయి, నలభై రెండోది ఎలా రాయాలో మర్చిపోయాను.

బస్సులో పక్కన కూర్చుని అరాద్ దాకా చెప్పాను. అది పాత ఫోటో. వేరే దేశంది. ఇవాళ ఏ గ్రహణమూ లేదు. నేను తమాషాకి రాశాను.

"తమాషాకే రాసినవా?"

"అవు బావా. ఒట్టు."

"టైరు తమాషానే? ఆ పెయింటరు నాయిన పోయింది గూడ తమాషానే?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు ధైర్యం జెప్తున్నవని తెల్సు బామ్మర్ది. మంచోనివే. గని ఇసుంటి సంగతిల అబద్ధం ఆడొద్దు."

ఇరవై మూడేళ్ళలో నేను నిజం గట్టిగా చెప్పింది ఆ ఒక్కసారే. అది అతకలేదు, అలవాటు లేదు కదా.

బిల్డింగు దగ్గర దిగాక ఆయన ఫోన్ లాక్కున్నంత పని చేసి ఇంటికి కలిపాను. వాళ్ళ అత్తగారు ఎత్తింది. నేను ఫలానా అని చెప్పగానే, "ఫోటువలు పెట్టే పిలగానివా?" అంది. నా కీర్తి సముద్రం దాటిందని అప్పుడు తెలిసింది.

"అత్తమ్మా, ఇయ్యాల గ్రహణం లేదు. అక్కను తీస్కొని దవాఖానకు పొండ్రి."

"క్యాలెండర్ల మేం గూడ చూసినం బిడ్డా, ఏం రాయలేదు. గని నువ్వు కంప్యూటర్ల చూస్తవట గద. క్యాలెండరోల్లకు ఏం ఎరుక."

వెనకాల ఎవరో మూలుగుతున్నారు. తలనొప్పి, అమ్మా తలనొప్పి అంటున్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, ఇప్పటికీ గుర్తుపడతాను.

"విడుసుడెప్పుడు బిడ్డా? అది జెప్పు చాలు."

బావ నా ముఖంలోకి చూస్తున్నాడు. వెనక ఫోర్‌మన్, యల్లా, యల్లా అని పనిలోకి తొందరపెడుతున్నాడు. పైనుంచి విమానం ఒకటి చక్రాలు దించుకుని మా నెత్తుల మీదుగా పోయింది. ఆ చప్పుడు పోయేదాకా ఆగి, పంతులు గొంతు తెచ్చుకున్నాను.

"విడిచింది అత్తమ్మా. ఇప్పుడే. ఎనిమిదీ పదికి. నేను చూసే చెప్తున్న."

"పట్టుడెప్పుడు?"

"రాత్రి రెండు గంటలకు."

అవతల ఆమె ఆ మాటనే ఇంకెవరికో చెప్పింది.

"సూర్యగ్రహణం రాత్రి పడ్తదా బిడ్డా?"

ఏ శాస్త్రజ్ఞుడూ నన్ను అంత సూటిగా పట్టుకోలేదు. భూమికి అవతలి పక్క పట్టిందనీ, ఆ నీడ మన కిందుగా పోయిందనీ, అందుకే క్యాలెండర్లో వేయలేదనీ నోటికొచ్చింది చెప్పాను. చెబుతూ ఉంటే నాకే కొంత నిజమనిపించింది.

"అయితే నీళ్ళు కాగవెట్టి విడుపు తానం జేపిచ్చి తీస్కపోతం."

"తానం వద్దు. నెత్తి మీద నాలుగు చుక్కలు చల్లి పొండ్రి. ఆలస్యమైతే రెండోది పడ్తది."

రెండోది ఏమిటో నాకూ తెలియదు. ఆమె "అయ్యో" అంది. అంతే, కార్డు అయిపోయి లైను తెగింది. బయల్దేరతారో, నీళ్ళు కాగబెడుతూ కూర్చుంటారో తెలియదు. బావ నావైపు చూసి, "విడిచిందా?" అన్నాడు. విడిచింది అన్నాను. ఆయన తూర్పుకి తిరిగి, దుమ్ములో మసగ్గా ఉన్న సూర్యుడికి దండం పెట్టుకుని పైకెక్కాడు. నాలుగో అంతస్తు అంచున చెక్కలు బిగించడం ఆ రోజు ఆయన పని. నేను ఆఫీసుకి వచ్చేశాను.

ఆ రోజు సైటులో ఫోటో గీత గీతగా దిగింది. నలుపు. ఇంకా నలుపు. అంచుల్లో చుక్కలున్నాయి, మధ్యలో ఏమీ లేదు. దట్టమైన దుమ్ము మేఘమట, వెనకాల చుక్కలన్నిటినీ కప్పేసిందట. చివరిదాకా దిగినా నలుపే. దిగడం ఆగిపోయిందనుకుని రెండుసార్లు మళ్ళీ తెరిచాను. ఎవరి డ్యూటీ గంటలు ఎవరికి కొట్టానో ఆ రోజు నాకు తెలియదు. మధ్యాహ్నం బావ ఫోనుకి కలిపితే, కొత్త కార్డు వేసి ఎన్నిసార్లు చేసినా ఇంటి దగ్గర ఎవరూ ఎత్తడం లేదన్నాడు. దవాఖానకి పోయారని ఎత్తడం లేదా, ఇంకేదైనా అయి ఎత్తడం లేదా. ఎత్తని ఫోను రెండిటికీ ఒకేలా మోగుతుంది.

సాయంత్రం గేటు దగ్గర నిలబడి దిగేవాళ్ళని లెక్కపెట్టాను. నలభై ఒకటి దాకా వచ్చి ఆగింది. బస్సులోకి తొంగి చూస్తే, వెనక సీట్లో బావ ఫోను చెవికి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎడం చెయ్యి మీసం మీద ఉంది, నోరు కనపడకుండా.

"పెదవి జూసిండ్రా?" అంటున్నాడు. "మల్ల జూడుండ్రి. వెలుగుల జూడుండ్రి."

అవతలి మాట చాలాసేపు విన్నాడు. తర్వాత చెయ్యి తీశాడు. మీసం తడిసి ఉంది.

ఆడపిల్ల. పెదవి నిండుగా ఉందట. దవాఖాన మెట్ల మీదే తల్లికి ఫిట్స్ వచ్చాయట, స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయి అక్కడికక్కడే ఆపరేషన్ చేశారట. ఇంకో గంట ఇంట్లోనే ఉంచి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ కేకలేసిందట. మూడు రోజులు కనిపెట్టి చూడాలంది.

బావ దిగివచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు విడిచిందనకపోతే..." అని అక్కడే ఆగిపోయాడు.

పట్టిందీ నేనే, విడిపించిందీ నేనే. ఈ లెక్క ఆయనకి చెప్పడానికి నోరు తెరిచాను. చుట్టూ నలభై ఒక్క మంది ఉన్నారు. శుక్రవారం బాబాయి ప్రార్థన దగ్గర జనం ఎలా నిలబడతారో అలా నిలబడ్డారు. నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం బోర్డుకి ఆ నల్ల ఫోటోనే పెట్టాను. కింద ఏమీ రాయలేదు. ఇంక రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇంతటితో ఖలాస్ అనుకున్నాను.

పొద్దున ఐదింటికి బస్సు వచ్చింది. నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ రాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే, హెల్మెట్లు చేతుల్లో పట్టుకుని, డబ్బాలు చంకన పెట్టుకుని అందరూ బోర్డు ముందున్నారు. నలుపు మీద నలుపు. కింద తెల్ల కాగితం.

"ఏం రాయలేదేంది?" అన్నాడొకడు మెల్లగా.

"రాయడానికి ఏం లేదు," అన్నాను.

ఆ మాట గదిలో ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళడం నాకు కనపడింది. ఒకతను హెల్మెట్ బల్ల మీద పెట్టేసి కూర్చున్నాడు. అతని పక్కనున్నవాడూ కూర్చున్నాడు. నేను ఎన్ని రాసినా పుట్టని భయం ఆ ఖాళీ కాగితంలోంచి పుట్టింది. బయట ఫోర్‌మన్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

బావ జేబులోంచి నా స్కెచ్ పెన్ను తీసి ఇచ్చాడు. ఎప్పుడు పట్టుకొచ్చాడో తెలియదు.

"ఏదన్న ఒకటి రాయి బామ్మర్ది. పనికి పోవాలె గద."

నాలుగో అంతస్తు, అంచు, చెక్కలు, వీళ్ళ చేతులు. ఏం రాసినా నాదే పూచీ. పెన్ను మూత తీసి ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. చివరికి రాశాను: పప్పులో నీళ్ళు ఎక్కువ.

ఒకతను చదివాడు, మిగతావాళ్ళు విన్నారు. ఎవరూ నవ్వలేదు. కూర్చున్నవాళ్ళు లేచి హెల్మెట్లు పెట్టుకున్నారు. వంటగది గుమ్మంలో బాబాయి గరిటె పట్టుకుని అంతా చూస్తూ నిలబడి ఉన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు వింతగా తోచింది.

నలభై రెండు మంది ఎక్కారు. ఆ పగలంతా నేను సైటు తెరవలేదు.

సాయంత్రం నలభై రెండు మంది దిగారు. రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి మొదలుపెడితే ఫోర్‌మన్ తిట్టాడు. భోజనాల దగ్గర పళ్ళెంలో పప్పు పోసుకుంటే అన్నం దాటి, అంచుదాకా పారింది. అడుగున పళ్ళెం మీది పువ్వు కనిపిస్తోంది. ఎప్పుడూ నీళ్ళే అయినా, అంత నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

వంటగదిలోకి వెళ్ళాను. బాబాయి వెనక్కి తిరిగి గిన్నె తోముతున్నాడు.

"ఏంది బాబాయ్ ఇది?"

"నాలుగు చెంబులు ఎక్కువ పోశాన్రా," అన్నాడు తిరక్కుండానే. "నువ్వు రాసేశావు గదా. అది తప్పయితే వాళ్ళు రేపు బస్సెక్కుతారా?"

బయట నలభై రెండు మందీ ఆ నీళ్ళని ఒక్క మాట లేకుండా, ఎంతో తృప్తిగా తాగుతున్నారు.